స్టాండు లేని సైకిల్

సంక్రాంతికి తెనాలి వెళ్తూ ఈసారి బట్టల బ్యాగుతో పాటు నా సైకిల్ని కూడా బస్సెక్కించాను. రెండు చక్రాలూ ఊడదీసి, అట్టపెట్టెలో సర్ది, డిక్కీలో పెడుతుంటే క్లీనర్ కుర్రాడు అడిగాడు: "ఏం సార్, తెనాల్లో సైకిళ్లు దొరకవా?"

"ఇది వేరేలే" అన్నాను.

ఎలా వేరో మర్నాడు పొద్దున మా వసారాలో నాన్న తేల్చేశాడు. నేను చక్రాలు బిగిస్తున్నంతసేపూ కుర్చీలో కూర్చుని చూశాడు. బిగించడం అయ్యాక లేచి సైకిల్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"స్టాండేదిరా?"

"ఉండదు నాన్నా. బరువని పెట్టరు."

"మడ్‌గార్డులు?"

"అవీ ఉండవు."

"బెల్లు, క్యారేజీ, చైను కవరు?"

"లేవు."

"మరి ఎంత పెట్టి కొన్నావు?"

"పద్దెనిమిది వేలు."

నాన్న కాసేపు ఆలోచించాడు. "ఇన్ని తీసేస్తే ధర తగ్గాలి కదరా, పెరిగిందేంటి?" అన్నాడు.

నేను చెప్పింది అబద్ధం. ఆ సైకిల్ ఖరీదు 92 వేలు. పన్నెండు వాయిదాల్లో అప్పటికి ఐదు కట్టాను. ఒక్కొక్క భాగం పీకేసే కొద్దీ రేటు పెరిగే వస్తువు ప్రపంచంలో ఇదొక్కటే అనుకుంటా. ఆ మాట నాన్నతో చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకు రాలేదో తెలియాలంటే రెండు సైకిళ్ల కథ చెప్పాలి. ముందు నాది చెప్తాను, అది నవ్వుకోవడానికి బాగుంటుంది.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. 2020 లాక్‌డౌన్‌లో జిమ్ములు మూతపడ్డప్పుడు సగం ఊరు సైకిళ్ల మీద పడింది. ఆ జ్వరం నాకు కాస్త ఆలస్యంగా, మా ఆఫీసు వాట్సాప్ గ్రూపు ద్వారా సోకింది. ఓ ఆదివారం ఊరికే చూసొద్దామని వెళ్లాను. మూడో ఆదివారానికి సైకిల్ కొన్నాను. నాలుగో ఆదివారానికి అర్థమైంది, సైకిల్ కొనడం ఖర్చులో మొదటి మెట్టని. హెల్మెట్, కళ్లద్దాలు, చేతి తొడుగులు, పెడల్‌కి అతుక్కునే బూట్లు, మెత్త కుట్టిన బిగుతు లాగు. సీటు రాయిలా ఉంటుంది కాబట్టి లాగుకి మెత్త కావాలి. సీటు రాయిలా ఎందుకుంటుంది? బరువు తగ్గాలని. మెత్తటి సీటు పెట్టుకుని మామూలు లాగు వేసుకుంటే పోలా అని ఒకసారి గ్రూపులో అడిగాను. ఎవరూ సమాధానం చెప్పలేదు. ఇద్దరు మాత్రం నవ్వుతున్న బొమ్మలు పెట్టారు.

ఆ లోకంలో ప్రతిదానికీ ఒక పేరుంది. గేర్లు లేకుండా ఒకటే పళ్లచక్రంతో ఉండేదాన్ని సింగిల్ స్పీడ్ అంటారు. "సింప్లిసిటీ బ్రో" అంటూ దానికి గేర్ల సైకిల్ కంటే ఎక్కువ పోస్తారు. మట్టిరోడ్ల మీద తొక్కేదాన్ని గ్రావెల్ బైక్ అంటారు. అమెరికాలోని కాన్సాస్‌లో ఆ కంకర దారుల మీద పెద్ద పోటీయే జరుగుతుంది. మా తెనాలి కాలవ కట్టల మీద పాల క్యాన్లు కట్టుకుని పోయేవాళ్లకి తాము గ్రావెల్ రైడింగ్ చేస్తున్నట్టు ఎవరూ చెప్పలేదు పాపం. సామాను కట్టుకుని ఊళ్లు తిరిగితే బైక్ ప్యాకింగ్. స్టీలు గిన్నెలు కట్టుకుని ఊరూరా అమ్ముకుంటూ తిరిగితే దానికి మాత్రం ఇంగ్లీషు పేరు లేదు.

ఇంక బ్రెవే ఉంది. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కాలి. 600 అయితే 40 గంటలు. పందెం కాదు, ఫస్టు సెకండు ఉండవు. పూర్తి చేసినవాళ్లు పతకం కావాలంటే డబ్బు కట్టి తెప్పించుకోవాలి. వీటన్నిటికంటే జనాదరణ ఉన్నది కాఫీ రైడ్. ఇరవై కిలోమీటర్లు తొక్కి, మూడు వందలు పెట్టి కాఫీ తాగి, తొక్కి కరిగించిన దానికి రెట్టింపు నెయ్యిదోసె రూపంలో వెనక్కి తెచ్చుకోవడం.

2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది. పైన సోలార్ పలకల కప్పు. ఎండ తగలదు, లారీ తగలదు. మంచి పనే, కాదనను. కానీ ఏ ఆదివారమో తెల్లారకముందే వెళ్లి చూడండి. సైకిళ్లన్నీ కార్ల వెనక కట్టించుకుని దర్జాగా వస్తుంటాయి. సైకిల్ తొక్కడానికి కారు తప్పనిసరి అయిన కాలం ఇది.

మా అపార్ట్‌మెంట్‌లో నా సైకిల్ లిఫ్టులో ఐదో అంతస్తు దాకా వస్తుంది. వాచ్‌మన్‌దీ సైకిలే. అది సెల్లార్లో కనబడితే బాగుండదని జనరేటర్ వెనక పెట్టుకోమన్నారు. ఆ మీటింగులో నేనూ ఉన్నాను. ఏమీ మాట్లాడలేదు.

సరే, తెనాలికి వద్దాం.

ముక్కనుమ నాడు పొద్దున్నే తెనాలి నుంచి బాపట్ల, అక్కణ్నుంచి రేపల్లె, మళ్లీ తెనాలి, ఇలా ముక్కోణంలో తిరిగి రావాలని ప్లాన్. యాప్‌లో గీస్తే నూట ఇరవై కిలోమీటర్ల పైచిలుకు వచ్చింది. ఎంత ఎత్తు ఎక్కాలో కూడా యాప్ చెప్తుంది. హైదరాబాద్ గుట్టల్లో అది చూసుకుని మురిసిపోతుంటాం. కృష్ణా డెల్టాలో అది దాదాపు సున్నా చూపించింది. మా వైపు ఎత్తంటే రైల్వే పైవంతెనే.

అయిదు గంటలకి నేను బిగుతు లాగులో బయటికి వచ్చేసరికి అమ్మ కలాపి చల్లుతోంది. చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

"ఆ అవతారమేంట్రా? పైన లుంగీ అన్నా చుట్టుకో. సందు దాటేదాకైనా."

సందులోనే రెండు కుక్కలు అమ్మతో ఏకీభవించాయి.

పొన్నూరు దాకా బాగానే సాగింది. రోడ్డుకి రెండు పక్కలా మంచు, కోసిన వరి మళ్లు, గడ్డి వాములు. పొన్నూరులో టీ కోసం ఆగబోయి, బూట్లు పెడల్‌కి అతుక్కుని ఉన్న సంగతి మర్చిపోయాను. బండి ఆగింది, కాలు రాలేదు. నరికిన అరటిచెట్టులా నెమ్మదిగా పక్కకి ఒరిగిపోయాను. టీ కొట్టాయన పరుగున వచ్చి లేపాడు. నా హెల్మెట్టూ అద్దాలూ బూట్లూ పైనించి కిందిదాకా చూసి, చాలా మర్యాదగా అడిగాడు: "కొత్తగా నేర్చుకుంటున్నారా అండీ?"

బాపట్ల చేరేసరికి ఎండెక్కింది. నేను ఇంజినీరింగ్ చదివింది అక్కడే, 2013 నుంచి నాలుగేళ్లు. రోజూ తెనాలిలో రైలెక్కి వచ్చేవాణ్ని. కాలేజీ వైపు వెళ్దామనుకుని బయల్దేరినవాణ్ని ఎందుకో స్టేషన్ దగ్గరే ఆగిపోయాను. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, "సార్, బండితో ఒక ఫోటో తీసుకోవచ్చా?" అన్నారు. ఒకడు సైకిల్ని వేలితో పైకెత్తి చూసి "వామ్మో" అన్నాడు. మా రోజుల్లో సైకిల్ మీద కాలేజీకి రావడమంటే ఎలా ఉండేదో వాళ్లకి చెప్పాలనిపించింది, చెప్పలేదు. సైకిల్‌కి గౌరవం రావాలంటే దాన్ని తొక్కేవాడికి కారు కొనుక్కునే స్తోమత ఉన్నట్టు కనబడాలి. ఆ సంగతి నాకు పదిహేడేళ్లకే తెలుసు. అందుకే రెండో సైకిల్ కథ.

నాన్న రైస్‌మిల్లులో గుమాస్తా. మిల్లు మా ఇంటికి ఏడు కిలోమీటర్లు. పోనూ రానూ పద్నాలుగు. ఏడాదికి మూడు వందల రోజుల చొప్పున ఇరవై ఆరేళ్లు ఒకే సైకిల్, అట్లాస్. లెక్కేస్తే లక్షా తొమ్మిది వేల కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత దాదాపు 40 వేలు. అంటే మా నాన్న మిల్లుకి వెళ్లి వస్తూనే భూమిని రెండుసార్లు చుట్టేసి, మూడో చుట్టులో సగం దాటాడు. చాలాసార్లు వెనక పక్కింటివాళ్ల గేదెకి తవుడు బస్తా కూడా ఉండేది. యాప్‌లో లేకపోతే తొక్కనట్టే అని మా గ్రూపులో ఒక సామెత. ఆ లెక్కన నాన్న అసలు సైకిలే తొక్కలేదు.

ఆ నాలుగేళ్లూ పొద్దున్నే నన్ను క్యారేజీ మీద ఎక్కించుకుని స్టేషన్‌కి తీసుకెళ్లేవాడు. నా తోటివాళ్లని వాళ్ల నాన్నలు బండ్ల మీద దింపేవాళ్లు. మొదటి వారంలోనే ఒకరోజు, స్టేషన్ ఇంకా కనబడకముందే, మలుపులో "ఇక్కడ దిగుతాలే నాన్నా, కాస్త నడిస్తే మంచిది" అన్నాను. మర్నాడూ అన్నాను. మూడోరోజు నుంచి అనాల్సిన అవసరం రాలేదు. ఆ మలుపు రాగానే ఆయనే బ్రేకు వేసేవాడు.

2018లో, ఉద్యోగం వచ్చిన మరుసటి ఏడాది, ఆయనకి టీవీఎస్ ఎక్సెల్ కొనిచ్చాను. కొత్త బండి మీద ఆయన మిల్లుకి వెళ్లగానే, వీధిలోకి పాత ఇనప సామాన్లవాడు వచ్చాడు. మెట్ల కింద ఉన్న అట్లాస్‌ని ఇచ్చేశాను. సాయంత్రం నాన్న వచ్చి ఆ ఖాళీ చూశాడు. కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. రెండేళ్లకి అట్లాస్ వాళ్ల ఫ్యాక్టరీ కూడా ఆగిపోయింది. 1951లో మొదలైన కంపెనీ. ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో ఉన్న ఫ్యాక్టరీలో 2020 జూన్ 3న పని ఆపేశారు. ఆరోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం.

తర్వాత నాన్నకి షుగర్ వచ్చింది. డాక్టరు మందులు రాసి, "రోజూ ఓ అరగంట సైకిల్ తొక్కితే మంచిదండీ" అన్నాడు. నేను వెంటనే హైదరాబాద్ నుంచి 14 వేలు పెట్టి వ్యాయామం సైకిల్ ఆర్డరు చేశాను. హాల్లో టీవీ ఎదురుగా పెట్టించాను. కదిలే సైకిల్ని పాత ఇనుముకి వేసి, కదలని సైకిల్ని కొనిచ్చినవాణ్ని నేను. నాన్న నాలుగు రోజులు తొక్కి, "ఎంత తొక్కినా ఇంట్లోనే ఉంటున్నాంరా" అన్నాడు. ఇప్పుడు దాని మీద అమ్మ తువ్వాళ్లు ఆరేస్తోంది. ఆ పనికి మాత్రం బాగుంటుంది, హ్యాండిల్ వెడల్పుగా ఉంటుంది కదా.

బాపట్ల దాటాక గాలి ఎదురు తిరిగింది. చెరుకుపల్లి వైపు వెళ్తుంటే వెనక ఎక్కడో కిర్రు కిర్రుమని చప్పుడు. చూస్తే ఒక పెద్దాయన. పంచె ఎగ్గట్టి, తలపాగా చుట్టి, క్యారేజీ మీద పచ్చగడ్డి మోపుతో నా పక్కకి వచ్చేశాడు. నేను గేరు మార్చాను. ఆయన మార్చడానికి ఏమీ లేదు. అలాగే వస్తున్నాడు.

"ఏం బాబూ, పందెమా?"

"కాదండీ."

"మరి ఎక్కడిదాకా?"

"తెనాలి నుంచి వచ్చానండీ. బాపట్ల చూసుకుని, రేపల్లె వెళ్లి, మళ్లీ తెనాలి."

"ఏదన్నా పనా?"

"లేదండీ, ఊరికే."

"ఊరికే?"

ఆ మాటని ఆయన నోట్లో రెండుసార్లు తిప్పుకున్నాడు. నమ్మకం కుదరలేదు. "తెనాలికి రైలుంది కదా బాబూ, రేపల్లె నుంచి" అన్నాడు జాలిగా. నా దగ్గర డబ్బుల్లేవేమో అన్న అనుమానం ఆయన మొహంలో స్పష్టంగా కనబడింది. కాస్త దూరం పోయాక పొలం గట్టు దగ్గర ఆగాడు. స్టాండు వేసి, మోపు సర్దుకున్నాడు. నాకూ ఆగాలనే ఉంది, కానీ నా సైకిల్ని నిలబెట్టడానికి అక్కడ ఒక్క గోడ కూడా లేదు.

రేపల్లెలో రైలు పట్టాలు అయిపోతాయి. నా ఓపిక అంతకుముందే అయిపోయింది. రెండు అరటిపళ్లు తిని భట్టిప్రోలు దారి పట్టాను. బుద్ధుడి ధాతువుల కోసం దేశదేశాల వాళ్లు వెతుక్కుంటూ వచ్చే స్తూపం ఉన్న ఊరది. నేను మాత్రం అది దాటిన కాసేపటికి పంచరు షాపు కోసం వెతుక్కున్నాను.

వెనక టైరు మెత్తబడింది. నా దగ్గర అన్నీ ఉన్నాయి. అదనపు ట్యూబు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ పుల్లలు, గాలి కొట్టే చిన్న గ్యాసు గుళిక. లేనిదల్లా వాటిని ఒక్కసారైనా వాడిన అనుభవం. కొత్త ట్యూబుని టైరులోకి తోస్తూ నేనే చీల్చాను. గుళిక నొక్కితే గ్యాసంతా బుస్సుమని నా మొహానికి కొట్టింది. 92 వేల సైకిల్ని నడిపించుకుంటూ, బూట్లు తారురోడ్డు మీద టక్కుటక్కుమంటుంటే, గుర్రంలా రెండు కిలోమీటర్లు నడిచాను.

ఒక వేపచెట్టు కింద పంచరు షాపు పండగ పూట కూడా తెరిచే ఉంది. అక్కడ అప్పటికే ఒక బడిపిల్ల సైకిల్ తలకిందులుగా ఉంది. "మగపిల్లలు ఇంటర్‌కి వచ్చేసరికి బండ్లెక్కేస్తున్నారు బాబూ. ఇంకా మా కొట్టు నడుస్తోందంటే ఈ ఆడపిల్లల వల్లే" అన్నాడాయన. ఆ మధ్య 'బడికొస్తా' అని ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకి సైకిళ్లు ఇచ్చారు. చదువు మానకుండా ఉండాలని ఇచ్చిన సైకిళ్లవి. వాళ్లు కూడా "ఊరికే" తొక్కరు.

ఆయన నా పాత ట్యూబు లాగి, గాలి పట్టించి, నీళ్ల తొట్లో ముంచాడు. బుడగలొచ్చిన చోట వేలు పెట్టి, తుడిచి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, రబ్బరు ముక్క అతికించాడు. ఇవన్నీ చెప్పినంత తేలిగ్గా జరగలేదు. గాలి పట్టించడానికి ముందు వాల్‌ట్యూబు దగ్గర ఆగిపోయాడు. మామూలు సైకిళ్లకి ఉండేది కాదది, సన్నగా ఉంటుంది. "ఇదెలా బాబూ?" అన్నాడు. నాకూ తెలియదు. హైదరాబాద్‌లో షాపులో ఇస్తే వాళ్లే కొట్టిస్తారు. ఆయన దాన్ని ఒక నిమిషం అటూ ఇటూ తిప్పి చూశాడు. కొనన ఉన్న చిన్న మరని వేళ్లతో వదులు చేసి, నొక్కాడు. లోపల మిగిలిన గాలి సుయ్యిమంది.

"ఇటు నుంచే పోతోందంటే, ఇటు నుంచే ఎక్కాలి" అన్నాడు.

నాలుగేళ్ల ఇంజినీరింగ్ చదువులో అంత సూటిగా నాకు ఎవరూ ఏదీ చెప్పలేదు. పంపు మూతికి గుడ్డ చుట్టి, అదిమి పట్టి గాలి నింపాడు. ముప్ఫై రూపాయలు తీసుకున్నాడు. యాభై ఇచ్చి ఉంచుకోమంటే వినలేదు. చిల్లర ఇచ్చేశాడు.

వేమూరు మీదుగా తెనాలి చేరేసరికి నాలుగున్నర. నాన్న సందు మొగలో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఏమీ అనకుండా టైరు నొక్కి చూశాడు.

"పంచరు పడిందా? ఎంత తీసుకున్నాడు?"

"ముప్ఫై."

"ఎక్కువే."

ఇద్దరం ఇంటివైపు నడిచాం. నేను సైకిల్ని నడిపిస్తున్నాను, ఆయన పక్కన సీటు మీద చెయ్యి వేసి నడుస్తున్నాడు.

"నాన్నా, దీని ఖరీదు పద్దెనిమిది వేలు కాదు."

"తెలుసులే. తొంభై రెండు. మీ పిన్ని కొడుకు ఫోన్లో చూపించాడు, నువ్వొచ్చిన రోజే."

"మరి అడగలేదే?"

"నా సైకిల్ ఎంతకి అమ్మావో నేను అడిగానా?"

కోపంగా అన్నది కాదు. అన్నం పెట్టుకోమన్నంత మామూలుగా అన్నాడు. నేను నాలుగడుగులు నడిచి, "ఆరు వందల యాభై" అన్నాను.

నాన్న ఆగిపోయాడు. "ఆరు వందల యాభైయా? టైర్లు మార్పించి ఆర్నెల్లు కాలేదురా!"

ఇన్నేళ్లకి మొదటిసారి ఆ సైకిల్ గురించి ఆయన నన్ను తిట్టాడు. నాకు హాయిగా అనిపించింది.

మర్నాడు ఇద్దరం సైకిళ్ల షాపుకి వెళ్లాం. నాన్న అరగంట పట్టించాడు. చక్రం తిప్పి, చెవి దగ్గర పెట్టి బాల్స్ చప్పుడు విన్నాడు. స్టాండు మూడుసార్లు వేసి తీశాడు. క్యారేజీ మీద నన్ను కూర్చోమని చూశాడు. షాపతను నోరు తెరిచాడు, నేను మాత్రం కూర్చున్నాను. ఏడు వేల రెండొందలు చెప్పినదాన్ని ఆరువేల ఎనిమిది వందలకి బేరమాడాడు. నేను ఫోన్ తీసేలోపే జేబులోంచి నోట్లు తీసి లెక్కపెట్టాడు.

"నేనిస్తాను నాన్నా."

"నీ వాయిదాలు నువ్వు కట్టుకో."

హైదరాబాద్ వచ్చాక మా అపార్ట్‌మెంట్ మీటింగులో సైకిళ్లన్నీ సెల్లార్లో ఒకేచోట పెట్టుకుందాం, వాచ్‌మన్‌ది కూడా, అన్నాను. నా సైకిల్‌కి స్టాండు లేదని, అది అక్కడ నిలబడదని ఒకాయన గుర్తు చేశాడు. వాచ్‌మన్ సైకిల్‌కి ఆనించి పెడుతున్నాను ప్రస్తుతానికి.

మొన్న నాన్న ఫోన్ చేశాడు. రోజూ పొద్దున్నే కాలవ కట్ట మీద తొక్కుతున్నాడట. "ఇవాళ ఆరు కిలోమీటర్లు" అన్నాడు.

"ఎన్నయిందో కరెక్టుగా చెప్పే యాప్ ఉంది నాన్నా, నీ ఫోన్లో వేయనా?"

"ఎందుకురా," అన్నాడు, "తొక్కింది నేనేగా, నాకు తెలీదా?"